నాలుగు గొంతులు, ఒక కార్డ్: మహిళల బార్బర్‌షాప్ పాట గురించి అపోహలు - వాస్తవాలు

"సెలూన్‌లో పాటలేంటే అమ్మాయ్?" తొమ్మిదేళ్ల కిందట ఫోన్‌లో ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మ అడిగిన మొదటి మాట ఇది. తెనాలిలో చిన్నప్పుడు ఆరేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఇప్పుడు డాలస్ దగ్గర ఉంటున్నాను. ఒక మహిళల బార్బర్‌షాప్ క్వార్టెట్‌లో, అంటే నలుగురి బృందంలో, బారిటోన్ అనే పార్ట్ పాడతాను. వాయిద్యం ఉండదు. నలుగురం నిలబడి, నాలుగు వేర్వేరు స్వరాలు ఒకేసారి పాడతాం. ఇన్నేళ్లలో ఇక్కడి తెలుగువాళ్లు, అమెరికన్లు కూడా నన్ను అడిగిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం అపోహలే. మాలో మాకు ఉన్నవీ కొన్ని ఉన్నాయి. అవి ఇంకా గట్టివి.

అపోహ: ఇది చారల కోట్లు వేసుకున్న మగవాళ్ల పాట. ఆడవాళ్లు ఈమధ్యే మొదలుపెట్టారు.

మగవాళ్ల బార్బర్‌షాప్ సంఘం 1938లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో మొదలైంది. ఏడేళ్లకు, 1945లో, అదే ఊళ్లో ఎడ్నా మే ఆండర్సన్ అనే ఆవిడ మరికొందరు ఆడవాళ్లను కూడగట్టి స్వీట్ అడిలైన్స్ అనే ఆడవాళ్ల సంఘం పెట్టారు. 1947లో వాళ్ల మొదటి ఛాంపియన్ క్వార్టెట్ వచ్చింది. ఆ నలుగురు ఇల్లినాయి రాష్ట్రం డికేటర్ నుంచి వచ్చిన డికేటరెట్స్. అంటే మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదికే ఈ పోటీల్లో ఆడవాళ్లు పతకాలు అందుకుంటున్నారు. మగవాళ్ల సంఘం ఆడవాళ్లకు సభ్యత్వం ఇచ్చింది మాత్రం 2018లోనే.

అపోహ: ఇది తెల్లవాళ్ల పాట.

ఈ ఒక్క దాని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. బార్బర్‌షాప్ పేరు వినగానే అందరికీ గడ్డి టోపీ పెట్టుకున్న నలుగురు తెల్లవాళ్ల బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. కానీ ఈ పద్ధతికి మూలం అమెరికా నల్లజాతి వాళ్లే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వీధి మూలల్లో, సెలూన్లలో, ఇళ్లలో నలుగురు కలిసి, కాగితం మీద ఏమీ రాసుకోకుండా, పాటకు అప్పటికప్పుడు స్వరాలు పేర్చుకునేవాళ్లు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నప్పుడు న్యూ ఆర్లీన్స్ వీధుల్లో పాడింది అలాంటి క్వార్టెట్‌లోనే. 1992లో లిన్ ఆబట్ అనే పరిశోధకుడు పాత పత్రికలు, జ్ఞాపకాలు తిరగేసి ఈ మూలాన్ని వివరంగా రాశాక వాదించేవాళ్లు తగ్గారు.

ఆ పాటను పుట్టించినవాళ్లనే సంఘాలు దూరం పెట్టాయి. 1941లో న్యూయార్క్‌లో గెలిచిన గ్రాండ్ సెంట్రల్ రెడ్ క్యాప్స్ అనే నల్లజాతి క్వార్టెట్‌ను జాతీయ పోటీలోకి రానివ్వలేదు. మా ఆడవాళ్లేమీ తక్కువ తినలేదు. 1950ల చివర్లో స్వీట్ అడిలైన్స్ కూడా సభ్యత్వం తెల్లవాళ్లకే అని నిబంధన పెట్టింది. అది తప్పని కొన్ని బృందాలు విడిపోయి 1959లో హార్మొనీ ఇన్‌కార్పొరేటెడ్ పెట్టుకున్నాయి. ఆ నిబంధనలు 1960ల్లో పోయాయి. ఇప్పుడు మా కోరస్‌లో, అంటే క్వార్టెట్లన్నీ ఉండే పెద్ద బృందంలో, నేను చీర కట్టుకుని దీపావళి స్వీట్లు పట్టుకెళ్తే అందరూ సంతోషంగా తింటారు. అయినా ఈ చరిత్ర కొత్తగా చేరే ప్రతి అమ్మాయికీ చెప్తాను. తను పాడేది ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో తెలియాలి కదా.

అపోహ: ఆడవాళ్లలో బాస్, అంటే అన్నిటికంటే కింది గొంతు, ఎలా ఉంటుంది? టెనార్ అంటే మగ గొంతు కదా?

ఇక్కడ టెనార్, లీడ్, బారిటోన్, బాస్ అనేవి గొంతుల పేర్లు కావు, పనుల పేర్లు. లీడ్ పాట పాడుతుంది. టెనార్ దాని పైన తేలిగ్గా ఉంటుంది. బాస్ కింద పునాది వేస్తుంది. మిగిలిన స్వరం బారిటోన్‌ది.

మహిళల బాస్ పియానో మధ్య 'సి' కంటే దిగువన ఇ ఫ్లాట్ దాకా, కొందరు డి దాకా దిగుతారు. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇంకో రకంగా చెప్తాను. అయిదు శ్రుతిలో పాడే అమ్మాయికి మంద్ర పంచమం సరిగ్గా ఆ డి దగ్గరే ఉంటుంది. మన పాఠాల్లో వరసలు పాడుతూ అక్కడిదాకా దిగినవాళ్లు ఎంతమంది లేరు! మగవాళ్ల అరేంజ్‌మెంట్ తీసుకుంటే మామూలుగా మధ్యమమో పంచమమో మేర పైకి జరుపుకుంటాం, అంతే.

అపోహ: లీడే క్వార్టెట్. బారిటోన్ మిగతావాళ్లు వదిలేసింది పాడుతుంది.

రెండో వాక్యం నిజమే. అందుకే నాకు ఆ పని ఇష్టం. టెనార్, లీడ్, బాస్ ఎక్కడ నిలబడాలో తేలాక కార్డ్, అంటే ఒకేసారి పలికే ఆ స్వరాల కూర్పు, పూర్తి కావడానికి ఏ స్వరం తక్కువైందో అది నాది. ఒక క్షణం లీడ్ కింద ఉంటాను, మరుక్షణం పైకి గెంతుతాను. నా పార్ట్ ఒక్కటే పాడితే మా అమ్మాయి "ఇది పాటేనా?" అంటుంది. కానీ నేను కొంచెం పక్కకు జరిగితే కార్డ్ మొత్తం మసకబారుతుంది. లీడ్ పైన ఉన్నప్పుడు నేను గొంతు కాస్త ముందుకు తేవాలి, లీడ్ కిందికి వస్తే నేను వెనక్కి తగ్గాలి. పాట పొడుగునా ఆ లెక్క సాగుతూనే ఉంటుంది. రెండో ఏడాది వరకూ నాకు ఇది తెలియలేదు. నా స్వరం నేను సరిగ్గా పాడితే చాలనుకున్నాను.

అపోహ: గట్టిగా పాడితే కార్డ్ మోగుతుంది.

ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇదే. నలుగురు పాడుతుంటే పైన ఎక్కడో ఐదో గొంతు వినిపిస్తుంది. ఎవరూ పాడని స్వరం. మేం దాన్ని కార్డ్ మోగడం అంటాం. తెలుగువాళ్లకు ఇది అర్థం చేయించడం అమెరికన్లకు చెప్పడం కంటే తేలిక, ఎందుకంటే మనకు తంబురా ఉంది. బాగా శ్రుతి చేసిన తంబురాలో ఏ తీగెకూ కట్టని అంతర గాంధారం దానంతట అదే పలుకుతుంది. స్వయంభూ గాంధారం అంటారు. మా టీచర్ గారు కళ్లు మూసుకుని వినమని చెప్పి, అది నాకు వినపడేదాకా పాఠం మొదలుపెట్టేవారు కాదు. ఇరవై ఏళ్ల తర్వాత టెక్సాస్‌లో ఒక చర్చి హాల్లో నలుగురు ఆడవాళ్ల మధ్య నిలబడి మళ్లీ అదే విన్నాను. ఒళ్లు ఝల్లుమంది.

లెక్క ఇది. బార్బర్‌షాప్ పాటను నడిపించే కార్డ్‌లో ఉండేవి షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. షడ్జం సెకనుకు 200 సార్లు కంపిస్తే గాంధారం 250, పంచమం 300, నిషాదం 350 ఉండాలి. అంటే 4, 5, 6, 7 నిష్పత్తి. ప్రతి స్వరానికీ పైన రెట్టింపులు, మూడు రెట్లు, నాలుగు రెట్లు అనుస్వరాలుగా ఉంటాయి. షడ్జానికి అయిదు రెట్లు 1000, గాంధారానికి నాలుగు రెట్లు కూడా 1000. నిష్పత్తి కుదిరితే ఇలాంటివి ఎన్నో ఒకదాని మీద ఒకటి పడి బలపడతాయి. మనం వినే ఐదో గొంతు అదే.

పియానో ఇక్కడ పనికిరాదు. దాని మీద గాంధారం ఈ లెక్క కంటే కాస్త ఎక్కువగా ఉంటుంది. నిషాదమైతే అర స్వరంలో దాదాపు మూడోవంతు ఎక్కువ. అందుకే మేం పిచ్ పైప్‌తో, అంటే ఊదితే శ్రుతి ఇచ్చే చిన్న సాధనంతో, ఒక్క స్వరం తీసుకుని, ఆ తర్వాత అంతా చెవి మీదే వెళ్తాం. నిషాదం నాకు వచ్చినప్పుడు, అలవాటైన చోటు కంటే కిందికి, దాదాపు తప్పు పాడుతున్నానేమో అనిపించేంత కిందికి, దాన్ని దింపి పెడతాను.

అచ్చులు కూడా కలవాలి. 'ఆ' అనే అచ్చు నలుగురి నోళ్లలో నాలుగు రకాలుగా ఉంటే నలుగురి అనుస్వరాలూ నాలుగు చోట్ల బలపడతాయి, కలవవు. నా 'ఆ' వెడల్పుగా ఉంటుందని మా కోచ్ పట్టుకుంది. దాన్ని మార్చుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. గట్టిగా అరిస్తే ఇందులో ఏదీ జరగదు. పైగా మనం అరుస్తుంటే పక్కవాళ్లు వినపడరు.

అపోహ: కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లకు ఇది మంచినీళ్ల ప్రాయం.

శ్రుతి జ్ఞానం చాలా సాయం చేసింది. గమకం అడ్డం పడింది. మన చెవికి కదలని స్వరం బోసిగా అనిపిస్తుంది, వెంటనే కాస్త ఊపుతాం. ఇక్కడ స్వరం ఊగితే కార్డ్ మోగదు. పాశ్చాత్య శాస్త్రీయం పాడి వచ్చినవాళ్లకు వైబ్రాటోతో, అంటే స్వరాన్ని వణికించే అలవాటుతో, ఇదే ఇబ్బంది. అసలు ఇబ్బంది మాత్రం వేరు. మన కచేరీలో వయొలిన్, మృదంగం గాయని వెంట నడుస్తాయి. ఇక్కడ నేను ఇంకొకరి వెంట నడవాలి. అది నేర్చుకోవడం నాకు గమకం మానడం కంటే కష్టమైంది.

అపోహ: స్టాఫ్ నొటేషన్, అంటే పాశ్చాత్య సంగీతం రాసే పద్ధతి, చదవడం రాకపోతే చేరలేం.

చేరొచ్చు. లెర్నింగ్ ట్రాక్‌లు ఉంటాయి. ఒక చెవిలో మన పార్ట్, రెండో చెవిలో మిగతా ముగ్గురివి వినిపిస్తాయి. కారులో ఆఫీసుకు వెళ్తూ నేర్చుకోవచ్చు. నేను అలాగే నేర్చుకున్నాను.

అపోహ: మెరుపుల డ్రెస్సులకూ నవ్వులకూ మార్కులు వేస్తారు.

వేదిక మీద మేం మెరుస్తామన్న మాట నిజం. జడ్జీలు చూసేది వేరు. స్వీట్ అడిలైన్స్ పోటీల్లో చాలాకాలంగా సౌండ్, మ్యూజిక్, ఎక్స్‌ప్రెషన్ అని మూడు విభాగాలు, వేదిక మీద ప్రదర్శనకు నాలుగోది. ప్రతి విభాగానికీ శిక్షణ పొందిన జడ్జి ఉంటారు. రెండు పాటలు పాడాలి. మార్కులతో పాటు ఎక్కడ ఏం జరిగిందో రాసిచ్చిన కాగితాలు కూడా చేతికి వస్తాయి. నాకు పతకం కంటే ఆ కాగితాలే ఎక్కువ ఉపయోగపడ్డాయి. ముఖంలో భావం రాకపోతే నష్టమే, ఎందుకంటే ముఖం బిగిసిపోతే గొంతూ బిగుస్తుంది. మా టెనార్ టెన్షన్ పడినప్పుడు ఆ సంగతి ఆమె దవడలో ముందు తెలిసిపోతుంది.

అపోహ: నలుగురు మంచి గాయనులు దొరికితే గెలుస్తారు.

మేం అలాగే మొదలుపెట్టాం. ఒక నర్సు, ఒక స్కూల్ టీచర్, రిటైరైన అకౌంటెంట్ ఒకావిడ, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే నేను. కోరస్‌లో నలుగురికీ మంచి పేరుంది. మొదటి ఏడాది రీజనల్ పోటీలో కింది నుంచి మూడో స్థానం వచ్చింది. సౌండ్ జడ్జి కాగితం మీద రాసిన దాని సారాంశం: నాలుగు మంచి గొంతులు వినిపించాయి. ఇంటికి వచ్చే దారిలో దాన్ని మెచ్చుకోలు అనుకున్నాం. నాలుగూ కలిసి ఒక్కటి కాలేదని దాని అర్థం. అది తెలియడానికి వారం పట్టింది.

రెండో ఏడాది కొత్త పాటలు ఆపేశాం. రెండే పాటలు, ఏడాదంతా. ఇద్దరు పాడితే ఇద్దరు వినడం. లీడ్ మాటలు పాడుతుంటే మిగతావాళ్లం పెదాలు బుర్రుమని ఆడిస్తూ స్వరాలు మాత్రం పలకడం. వీపులు ఆనించి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా పాడటం. అన్నింటికంటే కష్టమైంది లీడ్ మార్పు. మా నర్సు గొంతు అద్భుతం. కానీ పాట నడిపించడం టీచర్‌కు సహజంగా వచ్చేది. ఒక సాయంత్రం నర్సే "నేను టెనార్‌కు వెళ్తాను" అంది. ఎవరూ అడగలేదు. మేం గెలవడం మొదలైంది ఆ రాత్రే అని నా నమ్మకం.

మూడో ఏడాది మధ్యలో మా బాస్ పాడే ఆవిడ మనవళ్ల దగ్గరికి వేరే రాష్ట్రం వెళ్లిపోయారు. కొత్త బాస్ వచ్చింది. నాలుగింట మూడు గొంతులు అవే ఉన్నాయి కదా, పెద్ద తేడా ఉండదని బయటివాళ్లు అనుకుంటారు. అచ్చులన్నీ మళ్లీ మొదటి నుంచి కలుపుకున్నాం. అయిదో ఏడాది రీజనల్‌లో మొదటి స్థానం వచ్చింది. రీజియన్లలో గెలిచినవాళ్లు అంతర్జాతీయ పోటీకి వెళ్తారు. తర్వాతి స్థానాల్లోనివాళ్లు కూడా ఎక్కువ మార్కులుంటే వైల్డ్ కార్డ్‌తో వెళ్లొచ్చు. అక్కడ సెమీఫైనల్ నుంచి పది క్వార్టెట్లే ఫైనల్‌కు వెళ్తాయి. గెలిచిన నలుగురికీ కిరీటాలు పెట్టి క్వీన్స్ ఆఫ్ హార్మొనీ అంటారు. మేం ఆ పదిలోకి రాలేదు. ఇంకా ప్రయత్నిస్తున్నాం.

అపోహ: ఇంగ్లిష్ పుట్టుకతో మాట్లాడేవాళ్లకే ఇది సాధ్యం.

1989 బిరుదు గ్రోయింగ్ గర్ల్స్‌ది, 2007 బిరుదు సాల్ట్‌ది. రెండూ స్వీడన్ క్వార్టెట్లు.

అపోహ: పోటీ అయ్యాక పాట అయిపోయినట్టే.

ఫలితాలు వచ్చాక అసలు పాట మొదలవుతుంది. హోటల్ లాబీలో, లిఫ్ట్‌ల దగ్గర, మెట్ల మీద, తెల్లవారుజాము రెండు దాకా ట్యాగ్‌లు పాడుతూనే ఉంటారు. ట్యాగ్ అంటే పాట చివరి ముక్క, అర నిమిషం ఉంటుంది, కార్డ్‌లు అక్కడే బాగా మోగుతాయి. పేరు కూడా తెలియని నలుగురు నిలబడి, ఒకరు నేర్పితే అక్కడికక్కడే పట్టుకుని పాడేస్తారు. మేం ఫైనల్‌కు రాలేదని తెలిసిన రాత్రి నేను గదికి వెళ్లబోతుంటే, పూర్వం కిరీటం గెలిచిన ఒక పెద్దావిడ లిఫ్ట్ దగ్గర ఆపి "మాకు ఒక బారిటోన్ తక్కువైంది, వస్తావా?" అన్నారు. నిషాదం నాకే వచ్చింది. దింపి పెట్టాను. లిఫ్ట్ తలుపులు తెరుచుకుని, మూసుకుని, మళ్లీ తెరుచుకున్నాయి. లోపల ఉన్నవాళ్లు ఎవరూ దిగలేదు, అలాగే నిలబడి విన్నారు.