నోవహు, నోవా, నోయా పేర్ల మీద అపోహలు - వాస్తవాలు

నేను బైబిల్ కాలేజీలో హీబ్రూ చెప్తాను. క్లాసులో క్రియారూపాల మీద ఒక్క డౌటూ అడగరు గానీ బయటనుంచి మాత్రం నెలకి రెండు మూడు వాట్సాప్ మెసేజులు పక్కా, "అయ్యగారూ వందనాలండి, మనవడికి నోవా అని పెడదామనుకుంటున్నాం, అర్థం మంచిదేనా" అని. నోవా అంటే జలప్రళయం కథలో ఓడ కట్టిన మన బైబిల్ నోవహే, ఇంగ్లీషులో అలా అంటారు. ఈమధ్య ఈ ఒక్క పేరు మీదే అన్ని ప్రశ్నలూ వస్తున్నాయి, అందుకే ఒకేచోట రాసి పెడుతున్నా, ఇకపై ఎవరడిగినా ఇదే పంపిస్తా.

అపోహ: నోవహు అంటే ఓదార్పు.

ఎక్కువమంది నమ్మేది ఇదే, వాళ్ల తప్పు కూడా కాదు. ఆదికాండం 5:29లో లెమెకు కొడుక్కి పేరు పెడుతూ ఎందుకు పెడుతున్నాడో కూడా చెప్తాడు, శపించబడిన ఈ నేల మీద మన చేతులు పడే కష్టంలో వీడు మనకి ఊరటనిస్తాడని. అక్కడ హీబ్రూలో ఉన్న మాట 'యెనఖమేను', మనల్ని ఓదారుస్తాడు అని. ఆ మాటకి ధాతువు, అంటే మూల అక్షరాలు, నూన్-ఖేత్-మేమ్ (మన న-ఖ-మ లాంటివి). మరి పేరులో మేమ్ ఏది? లేదు. నోవహు పేరు హీబ్రూలో 'నోఆఖ్', రాస్తే రెండే అక్షరాలు, నూన్, ఖేత్. అది విశ్రాంతి, కుదురుకోవడం అనే అర్థమున్న వేరే ధాతువుకి దగ్గర. అంటే లెమెకు చెప్పింది వ్యుత్పత్తి కాదు, శబ్దం దగ్గరగా ఉంది కదా అని రెండు మాటల్ని కలిపిన చమత్కారం. పాత నిబంధనలో ఇలా పేర్లతో ఆడుకోవడం మామూలే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ ఎప్పుడో అడిగేశాడు, ఓదార్పే అర్థమైతే మెనాఖేమ్ అని పెట్టాల్సింది కదా అని. ఆయన చెప్పిన అర్థం వేరు, నోవహు వచ్చేదాకా జనానికి దుక్కి దున్నే పనిముట్లు లేవట, వాటిని ఇతనే తయారుచేసి చేతుల కష్టం తగ్గించాడట. రైతు కుటుంబాలవాళ్లు అర్థం అడిగితే నేను ముందు ఈ కథే చెప్తా, ఎందుకంటే నాగలి అనగానే వాళ్ల మొహం వెలిగిపోద్ది. ఇంకా వెనక్కి వెళ్తే, క్రీస్తుకి ముందే హీబ్రూని గ్రీకులోకి మార్చినవాళ్లు 'ఓదారుస్తాడు' అన్నచోట 'విశ్రాంతినిస్తాడు' అని రాసేశారు, పేరుకి సరిపోవాలి కదా మరి. మన తెలుగు బైబిల్లో మాత్రం 'నెమ్మది' అనే మాట పడింది, అది అటు ఓదార్పుకీ ఇటు విశ్రాంతికీ సరిపోద్ది. ఆ అనువాదకుల చేతికి దణ్ణం పెట్టాలి.

మీకు కచ్చితంగా ఓదార్పు అనే అర్థమే కావాలంటే నెహెమ్యా పెట్టుకోండి, యెహోవా ఓదార్చాడు అని. నహూము కూడా అదే ధాతువు. సువార్తల్లో వచ్చే కపెర్నహూము అంటే నహూము ఊరు అని చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు.

విశ్రాంతి అనే అర్థం ఆ పేరులో ఊరికే లేదు, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఆదికాండం 8వ అధ్యాయంలో ఓడ అరారాతు కొండల మీద నిలిచింది అని మనం చదివేస్తాం, హీబ్రూలో అక్కడున్న క్రియ 'వత్తానఖ్', నోఆఖ్‌కి చుట్టమే. నోవహు ఓడలోంచి వదిలిన పావురానికి కాలు మోపే చోటు దొరకలేదంటే, ఆ చోటు 'మనోఆఖ్', ఇదీ చుట్టమే. ఇంకోటి, 6:8లో నోవహు కృప పొందాడు అంటారు కదా, ఆ కృపకి హీబ్రూ మాట 'ఖేన్', రాతలో నోఆఖ్‌ని తిరగేస్తే వచ్చేది అదే రెండక్షరాలు. క్లాసులో బోర్డు మీద ఇది రాసినప్పుడు మాత్రం నిద్రపోయేవాళ్లు కూడా లేస్తారు.

అపోహ: ఇంగ్లీషులో పలికే 'నోవా'నే అసలు ఉచ్చారణ, నోవహు అనేది మనవాళ్లు పాడుచేసింది.

అస్సలు కాదు. చివర్లో గొంతు వెనకనుంచి గరగరమని ఒక శబ్దం ఉంది, గ్రీకువాళ్ల దగ్గర అది లేదు కాబట్టి 'నోయె' అన్నారు, ఫ్రెంచ్, స్పానిష్‌లో 'నోయే' అనడం అక్కణ్నుంచి వచ్చిందే. ఇంగ్లీషువాళ్లు రాతలో ఒక అక్షరం ఉంచారు గానీ పలకరు. మనం నయం, కనీసం 'హ' ఉంచాం. ఓ తర్వాత అ వస్తే తెలుగు నాలుక మధ్యలో వ దూర్చేస్తుంది, చివర్లో దావీదు, సమూయేలు లాగా ఉ తగిలిస్తుంది, అలా నో-వ-హు. అరబీలో నూహ్. ఖురాన్‌లో 71వ సూరా (అధ్యాయం) పేరే అది.

అపోహ: ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా పెట్టుకోవచ్చు, ఒకటే పేరు.

ఇదైతే నాకు చిరాకు తెప్పించేది. రెండు వేర్వేరు పేర్లు! సంఖ్యాకాండం 27లో సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఆ నోయా హీబ్రూలో 'నోఆ', నూన్, ఐన్, హే. దాని ధాతువుకి అర్థం కదలడం, ఊగడం. చూడండి, అబ్బాయి పేరేమో కుదురుగా ఉండటం, అమ్మాయి పేరేమో కదలిక, దాదాపు రివర్స్. ఇంగ్లీష్ బైబిళ్లు చాలావాటిలో ఇద్దరికీ ఒకే స్పెల్లింగ్ పెట్టేసరికి వచ్చిన తలనొప్పి ఇది. కొన్ని లిస్టుల్లో నోవహుకి 'సంచారి' అనే అర్థం కనిపిస్తుంటుంది, అదీ ఈ కలగాపులగంలోంచి వచ్చిందేనని నా అనుమానం. నోయా మామూలు మనిషి కాదండోయ్, నాన్నకి కొడుకులు లేరు కాబట్టి ఆస్తి మాకివ్వండని అక్కచెల్లెళ్లతో కలిసి మోషే ముందు నిలబడి అడిగింది, వాళ్లడిగింది న్యాయమే అని దేవుడే తీర్పు చెప్పాడు. మన ఆంధ్రలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి సమాన హక్కు చట్టం 1986లో వచ్చింది, లెక్కేసుకోండి. ఆడపిల్ల పుట్టినవాళ్లకి నేను గట్టిగా రికమెండ్ చేసే పేరు ఇది.

అపోహ: ఇజ్రాయెల్లో ప్రతి ఇంట్లో ఒక నోవహు ఉంటాడు.

అక్కడ జోరు అమ్మాయి పేరుది. 2000 తర్వాత చాలా ఏళ్లు ఆడపిల్లల పేర్లలో నోఆ టాప్‌లో ఉంది, మగపిల్లల్లో ఎక్కువ వినిపించేవి దావీద్, అరియెల్, నోఅమ్ లాంటివి. అబ్బాయిలకి నోవా క్రేజ్ అంటే అమెరికాది. 1999 నుంచి 2012 దాకా అక్కడ జేకబ్ నంబర్ వన్, 2013లో నోవా దాన్ని దించి 2016 వరకు కూర్చుంది, 2017లో లియామ్ ఎక్కింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021, 2022లో మొదటి స్థానం దీనిదే. అలాగని నిన్నమొన్నటి ఫ్యాషనూ కాదు, ప్యూరిటన్ల (ఇంగ్లండ్ నుంచి వెళ్లిన పాత ప్రొటెస్టంట్ల) కాలం నుంచీ పాత నిబంధన పేర్లు అమెరికాలో నడుస్తూనే ఉన్నాయి, 1828లో పెద్ద అమెరికన్ డిక్షనరీ వేసిన వెబ్‌స్టర్ పేరు కూడా నోవానే. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లు పిల్లాడికి ఇదే పెడితే క్లాసులో ఇంకో ఇద్దరు నోవాలు తగలొచ్చు, చూసుకోండి.

ఇంకో రెండు చిన్నవి. తెలుగులో 'నోవా' అని రాస్తే లాటిన్‌లో 'కొత్త' అనే అర్థమున్న నోవా కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది, దానికీ దీనికీ ఏ సంబంధం లేదు, బర్త్ సర్టిఫికెట్‌లో ఇంగ్లీష్ స్పెల్లింగ్ ముందే తేల్చుకోండి. అలాగే నుహా అనేది నూహ్‌కి ఆడపిల్ల రూపం కాదు, అది తెలివి, బుద్ధి అనే అర్థమున్న వేరే అరబీ మాట. మొన్న ఒకావిడ అప్పటికే నుహా అని కేక్ మీద రాయించేసి ఫోన్ చేశారు, బుద్ధి అంటే బాగానే ఉందిగా ఉంచేయండమ్మా అన్నాను.