రిటైర్మెంట్ వయసు: సర్కారు అవసరాన్ని బట్టి కదిలిన అంకె

1983 జనవరి 9న ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 8న, ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కు దించుతూ ఉత్తర్వులు వచ్చాయి. అప్పటికే 55 దాటినవాళ్లంతా అదే నెల 28న ఇంటికి వెళ్లిపోవాలన్నారు. గడువు మూడు వారాలు కూడా లేదు. 18 వేలకు పైగా ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల్లో మరో 10 వేల మంది ఆ ఒక్క నిర్ణయంతో కొలువు వదిలారు. ఇంకో మూడేళ్లు జీతం వస్తుందన్న ధీమాతో అప్పులు చేసినవాళ్లు, పిల్లల పెళ్లిళ్లు తలపెట్టినవాళ్లు ఎంతమందో!

చదువుకున్న నిరుద్యోగులకు ఉద్యోగాలివ్వడానికే ఈ పని చేశామని ప్రభుత్వం చెప్పింది. ఉద్యోగులు సమ్మెకు దిగారు, కోర్టుకెక్కారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్నే సమర్థించింది. 55 అన్నది అన్యాయమైన వయసేమీ కాదని, యువతకు అవకాశాలు కల్పించడం సరైన ఉద్దేశమేనని చెప్పింది. ఈ తీర్పు వచ్చేనాటికే ఇక్కడ కథ మారిపోయింది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించి నెల రోజుల పాటు ముఖ్యమంత్రిగా ఉన్న నాదెండ్ల భాస్కరరావు ప్రభుత్వం ఆగస్టు 23న ఆర్డినెన్స్ తెచ్చి వయసును మళ్లీ 58 చేసింది. తిరిగి వచ్చిన ఎన్టీఆర్ దాన్ని అలాగే ఉంచారు. మధ్యలో, అంటే 1983 ఫిబ్రవరి 28కీ 1984 ఆగస్టు 23కీ నడుమ ఇళ్లకు పోయినవాళ్ల సంగతేమిటన్న ప్రశ్న మిగిలింది. ఆ కేసులో మన అనంతపురం జిల్లాకు చెందిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తీర్పు చెప్పారు. వాళ్లలో ఇంకా 58 నిండనివాళ్లను తిరిగి కొలువులోకి తీసుకోవాల్సిందేనని ఆదేశించారు.

రిటైర్మెంట్ వయసు పెంపు మీద ఇప్పుడు జరిగే ప్రతి వాదనకూ మూలం ఆ పద్దెనిమిది నెలల్లో దొరుకుతుంది. ఉద్యోగి వయసు తగ్గించినా, పెంచినా ప్రభుత్వం తన అవసరాన్నే చూసుకుంది. ఏ పని చేసేవాడి ఒళ్లు ఎన్నేళ్లు ఓపుతుందన్న లెక్క అప్పుడూ వేయలేదు, తర్వాతా వేయలేదు.

అసలు 55 అన్నది బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన అంకె. కేంద్రం 1962 చివర్లో దాన్ని 58 చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ మార్పు చేసింది 1979 అక్టోబరులో, చెన్నారెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. అంటే 58 ఏళ్ల దాకా కొలువు అన్న వెసులుబాటు దొరికి నాలుగేళ్లు కూడా కాకముందే ఎన్టీఆర్ ఉత్తర్వు వచ్చిపడిందన్నమాట. ఇక్కడ ఒక విషయం చాలామందికి గుర్తుండదు. 1984 చట్టంలో మామూలు ఉద్యోగులకు 58 ఏళ్లయితే, లాస్ట్ గ్రేడ్ సర్వీసు వాళ్లకు, అంటే అటెండర్ల వంటివాళ్లకు 60 ఏళ్లు. ఆఫీసరు ఇంటికి పోయాక కూడా అతని గది ముందు కూర్చునే అటెండరు మరో రెండేళ్లు ఉండొచ్చు. చిన్న జీతగాడికి ఇంకో రెండేళ్లు జీతం దొరికితే మేలే కదా అనిపిస్తుంది. నిజానికి అది మేలే. కానీ 60 ఏళ్ల దాకా పని చేయాల్సిన అవసరం ఆఫీసరుకు లేకుండా అటెండరుకే ఎందుకు ఉందంటే జవాబు పెన్షన్‌లో ఉంది. చివరి జీతంలో సగం పెన్షన్ అన్నప్పుడు, ఆ జీతమే చిన్నదైతే సగం ఇంకెంత?

1998లో కేంద్రం తన ఉద్యోగుల వయసును 60 చేసింది. ఉమ్మడి రాష్ట్రం మాత్రం 58 దగ్గరే ఆగింది. ఈలోగా 2004లో ఇంకో పెద్ద మార్పు జరిగింది. ఆ ఏడాది జనవరి 1 నుంచి కేంద్రంలో, సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో కొత్తగా చేరినవాళ్లకు పాత పెన్షన్ పోయింది. జీతంలో పది శాతం కోసి మార్కెట్లో పెట్టే సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) వచ్చింది. రిటైర్మెంట్ వయసు పెంపును సీపీఎస్ నుంచి విడదీసి మాట్లాడితే సగం కథే చెప్పినట్టు. డీఎస్సీ నోటిఫికేషన్ల కోసం ఏళ్లు ఎదురుచూసి ముప్పై అయిదు, నలభై ఏళ్లకు కొలువు దొరికించుకున్న టీచరు ఖాతాలో జమయ్యేది ఇరవై ఏళ్ల సొమ్మే. అలాంటివాళ్లు ఇంకో రెండేళ్లు కావాలనడంలో ఆశ్చర్యం లేదు.

2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు ప్రభుత్వం వచ్చీ రాగానే వయసును 60 చేసింది. అనుభవం ఉన్న సిబ్బంది కొత్త రాష్ట్రానికి అవసరమన్నది పైకి చెప్పిన కారణం. అప్పుడు రాష్ట్రానికి రాజధాని లేదు, లోటు బడ్జెట్. ఒక ఉద్యోగి రిటైరైతే గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి ముందే ఇచ్చే మొత్తం), సెలవుల నగదు అన్నీ ఒకేసారి చేతిలో పెట్టాలి. రెండేళ్లు రిటైర్మెంట్లే లేకపోతే ఆ భారం రెండేళ్లు వెనక్కి జరుగుతుంది. విభజన చట్టం 9, 10 షెడ్యూళ్లలోని సంస్థల (ఉమ్మడి రాష్ట్ర కార్పొరేషన్లు, శిక్షణ సంస్థల వంటివాటి) ఉద్యోగులను ఆ పెంపులో చేర్చకపోవడంతో వాళ్లు కోర్టుల దాకా వెళ్లాల్సి వచ్చింది. అదే ఊళ్లో, అదే వయసువాళ్లలో ఒకరు కుర్చీలో ఉన్నారు, పక్క ఆఫీసులోని ఇంకొకరు సన్మానం చేయించుకుని ఇంటికి పోయారు.

తెలంగాణ ఏడేళ్ల పాటు 58నే కొనసాగించింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని పోరాడి తెచ్చుకున్న రాష్ట్రంలో వయసు పెంచడమంటే నియామకాలకు గండి కొట్టడమేనని ప్రభుత్వానికి తెలుసు. ఉద్యోగుల జీతాల సవరణ (పీఆర్సీ) కోసం వేసిన బిస్వాల్ కమిషన్ నివేదిక ప్రకారం అప్పటికి రాష్ట్రంలో దాదాపు 1.91 లక్షల పోస్టులు ఖాళీగా ఉండేవి. ఆ కమిషన్ వయసును 60 చేయమంది, ఫిట్‌మెంట్, అంటే జీతం పెంపు, 7.5 శాతం చాలంది. 2021 మార్చి 22న ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో ఫిట్‌మెంట్ 30 శాతం, రిటైర్మెంట్ వయసు 61 అని ప్రకటించారు. ఆఫీసుల్లో బాణాసంచా కాల్చారు. అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ రూముల్లో గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలకు మాత్రం మూడేళ్లు వెనక్కి పోయినట్టయింది.

మూడేళ్ల తర్వాత, 2024 మార్చి 31 నుంచి, వాయిదా పడ్డ రిటైర్మెంట్లు వరుసగా మొదలయ్యాయి. డబ్బులు మాత్రం సమయానికి రాలేదు. తమ సొంత గ్రాట్యుటీ కోసం, తాము దాచుకున్న జీపీఎఫ్ కోసం రిటైరైనవాళ్లు హైకోర్టుకు వెళ్లాల్సి రావడం మామూలైపోయింది. వయసు పెంపుతో ఖజానాకు దొరికిన ఊరట ఎలాంటిదో ఇక్కడే తెలిసిపోతుంది. ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి ఆఖరున అఫిడవిట్ వేసి తన డబ్బు తాను అడుక్కోవాల్సిన పరిస్థితి నాకు క్షమించరానిదిగా కనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 62 వచ్చిన తీరు ఇంకా స్పష్టంగా బేరమే. 2022 జనవరి 7న జగన్ ప్రభుత్వం 23.29 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించింది. అప్పటికే ఉద్యోగులు 27 శాతం మధ్యంతర భృతి (ఐఆర్) తీసుకుంటున్నారు. ఇచ్చిన ఐఆర్ కన్నా పీఆర్సీ తక్కువ. ఆ ప్రకటనలోనే రిటైర్మెంట్ వయసు 62 చేస్తున్నామన్న మాట కూడా చేర్చారు. అది ఎవరూ గట్టిగా అడిగిన కోరిక కాదు. ఫిబ్రవరి 3న చలో విజయవాడ అంటూ వేలాదిగా రోడ్డు మీదకు వచ్చిన ఉద్యోగుల కోపం ఆ రెండేళ్లతో చల్లారలేదు. పైగా ఆ 62 కార్పొరేషన్లకు, సొసైటీలకు వర్తించదని ప్రభుత్వం తర్వాత తేల్చి చెప్పింది.

ఇంతవరకు చెప్పింది సచివాలయం, కలెక్టరేట్, స్కూలు, ఖజానా ఆఫీసుల కథ. ఫైలు చూసే పనిని 62 ఏళ్ల మనిషి చేయగలడు, కొందరు బాగా చేస్తారు కూడా. బస్సు స్టీరింగ్ దగ్గర, బొగ్గు గనిలో, అంగన్వాడీలో అదే అంకె వేరేలా పనిచేస్తుంది.

తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు సమ్మె చేశారు. వాళ్లు అడిగింది సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయమని. సమ్మె ముగిశాక డిసెంబరు 1న ప్రగతి భవన్‌లో ముఖ్యమంత్రి వాళ్లతో కలిసి భోజనం చేసి చెప్పిన వరాల్లో ఒకటి, రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60కి పెంపు. డ్రైవర్లలో చాలామంది సంతోషించారు, ఎందుకంటే వాళ్లకు రిటైరయ్యాక వచ్చేది పీఎఫ్ సంస్థ ఇచ్చే చిన్న పెన్షన్, ఈపీఎస్-95. అయితే 59వ ఏట నైట్ అవుట్ డ్యూటీ ఎలా ఉంటుందో డిపోలో ఎవరినడిగినా చెప్తారు. ఎదురుగా వచ్చే లారీల హైబీమ్ వెలుతురు, నడుము నొప్పి, షుగర్ మాత్రలు, వేళకు లేని తిండి. మధ్యలో కంటి పరీక్షలో ఫెయిలైతే మెడికల్ అన్‌ఫిట్. రంగులు గుర్తించలేడని ఒక డ్రైవర్‌ను ఇంటికి పంపిన కేసులో, అలాంటివాళ్లకు వేరే పని చూపించే బాధ్యత సంస్థదేనని సుప్రీంకోర్టు 2025లో చెప్పాల్సి వచ్చింది. కాగితం మీద 60 అని రాసినంత మాత్రాన కళ్లు 60 దాకా పనిచేయవు కదా.

సింగరేణి బొగ్గు గనుల్లో 2021 జులైలో కంపెనీ బోర్డు రిటైర్మెంట్ వయసు 61 అంది. జీఎం ఆఫీసులో గుమాస్తాకూ 61, బాయి (గని) లోపల సపోర్టులు పెట్టేవాడికీ 61. నేల కింద దుమ్ములో, వేడిలో ముప్పై ఏళ్లు మస్టర్లు వేయించుకున్న మనిషి చూపంతా మెడికల్ బోర్డు మీదే ఉంటుంది. అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుందన్న ఆశ. తన ఆరోగ్యం పాడైందని తేలడం ఇంటికి శుభవార్త అయ్యే దుస్థితి ఆ కోల్‌బెల్టు ఊళ్లలో ఉంది. బొగ్గు గని కార్మికుల పెన్షన్ పథకం 1998 నాటిది. దానికి ప్రభుత్వ పెన్షన్ మాదిరి డీఏ లేదు. రిటైరైన రోజున ఎంత ఖరారైతే ఏళ్ల తరబడి అదే.

అంగన్వాడీల సంగతి ఇంకా బాధాకరం. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు. చివరికి ఒప్పందంలో వయసును 60 నుంచి 62 చేశారు, వర్కర్లకు సర్వీసు ముగిశాక ఇచ్చే మొత్తాన్ని 50 వేల నుంచి 1.20 లక్షలకు పెంచారు. తెలంగాణలో అంగన్వాడీ వయసు 65. ప్రభుత్వం వాళ్లను ఉద్యోగులుగా గుర్తించదు, వాళ్లకు ఇచ్చేది గౌరవ వేతనం. ఉద్యోగులకు వచ్చేలాంటి పెన్షన్ లేదు కాబట్టి 65 ఏళ్ల దాకా గుడ్లు, బాలామృతం ప్యాకెట్లు మోస్తూ, ఫోన్ యాప్‌లో ఫొటోలు ఎక్కిస్తూ పనిచేస్తారు. వాళ్లు ఇష్టం మీద పనిచేస్తున్నారనడం సరికాదు. మానేస్తే బతుకుదెరువు ఉండదు.

ప్రైవేటు కంపెనీల కార్మికుడికి మామూలుగా రిటైర్మెంట్ వయసు 58. ఈపీఎస్-95లో పెన్షన్ ఆ వయసుకే. జీతం ఎంతున్నా మామూలుగా లెక్కలోకి వచ్చేది గరిష్ఠంగా 15 వేలు. దాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. పూర్తిగా 15 వేల మీదే లెక్కకట్టినా, 20 ఏళ్ల సర్వీసుకు అదనంగా కలిపే రెండేళ్లు చేర్చినా నెలకు వచ్చేది 4,714 రూపాయలు. 2014కు ముందు సర్వీసుకు పరిమితి 6,500 కాబట్టి నిజంగా చేతికొచ్చేది ఇంకా తక్కువ. పటాన్‌చెరులోనో, జీడిమెట్లలోనో లేత్ మెషీన్ మీద జీవితమంతా నిలబడ్డ మనిషి 58 నిండగానే సెక్యూరిటీ గార్డు డ్రెస్సు వేసుకుని ఏదో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రాత్రి డ్యూటీకి కూర్చుంటున్నాడు. అతని రిటైర్మెంట్ వయసును ఏ జీవో పెంచలేదు. అయినా అది పెరిగింది.

ఒంటికీ పనికీ ఉన్న సంబంధం సర్కారుకు తెలియదనుకుంటే పొరపాటు. బాగా తెలుసు. సామాజిక పెన్షన్ల జీవోలు తీసి చూడండి. నేత కార్మికులకు, గీత కార్మికులకు రెండు రాష్ట్రాల్లోనూ 50 ఏళ్లకే పెన్షన్. ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యకారులకూ 50కే. మగ్గం గుంటలో కూర్చున్న కాళ్లు, తాడెక్కి దిగిన నడుము యాభైకే అలిసిపోతాయని ప్రభుత్వమే ఒప్పుకుని రాసింది. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పెన్షన్ వయసును 65 నుంచి 57కు తగ్గించారు, 2022 ఆగస్టు నుంచి అమలైంది. ఉద్యోగుల వయసును 61 చేసిన ప్రభుత్వమే ఆ పని చేసింది. కూలికి పోయే మనిషి 57కే వృద్ధుడు. అదే కూలి పనికి దగ్గరగా ఉండే గని పనిలో మాత్రం 61 దాకా సత్తువ ఉంటుందని లెక్క.

కాబట్టి నా అభ్యంతరం 60 మీదో 62 మీదో కాదు. అందరికీ ఒకే అంకె పెట్టడం మీద, దాన్ని పీఆర్సీ బేరంలో చిల్లరలా వాడుకోవడం మీద. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న గెజిటెడ్ ఆఫీసరు ఓపిక లేదనుకుంటే స్వచ్ఛంద విరమణ తీసుకుని పెన్షన్‌తో ఇంట్లో ఉండొచ్చు. ఆ వెసులుబాటు రూల్సులో ఎప్పటినుంచో ఉంది. డ్రైవరుకు, గని కార్మికుడికి, అంగన్వాడీ టీచరుకు 55 దాటాక అలాంటి దారి ఉండాలి. పూర్తి బెనిఫిట్లతో తప్పుకునే హక్కు, లేదా జీతం తగ్గకుండా తేలిక పనికి మారే హక్కు. నేత కార్మికుడికి 50 అని రాయగలిగిన ప్రభుత్వాలు ఈ మాట రాయలేవా?

ఈపీఎస్ కనీస పెన్షన్ నెలకు వెయ్యి రూపాయలని 2014 సెప్టెంబరులో ఖరారు చేశారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్మెంట్ వయసు 62కి, తెలంగాణలో 61కి చేరింది. ఆ వెయ్యి మాత్రం ఇంకా వెయ్యే.