మోకాలి చిప్ప కింద బొడిపె

పాలకొల్లు దగ్గర మా అక్క వాళ్ళ ఊళ్ళో హైస్కూలు గ్రౌండు వెనకే పంటబోదె ఉంది. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు, మంచు ఇంకా విడవకముందే ఆ గట్టు మీద నిలబడి మా మేనల్లుడి కబడ్డీ ప్రాక్టీసు చూశాను. వాడికి 14 ఏళ్ళు. రైడ్‌కి వెళ్ళొచ్చిన ప్రతిసారీ బరువంతా ఎడమకాలి మీదే మోపి నిలబడుతున్నాడు. ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చోబెట్టి కుడికాలు పట్టుకున్నాను.

"అక్కడ నొక్కకు మావయ్యా, ప్రాణం పోతోంది."

మోకాలి చిప్పకి రెండు వేళ్ళ కింద రేగిపండంత బొడిపె. దసరా నుంచీ ఉందట. మాస్టారికి చెప్పావా అంటే, "చెబితే ఆడనివ్వరు కదా" అన్నాడు. రాత్రిళ్ళు అక్క ఆముదం వెచ్చచేసి దాని మీదే గట్టిగా రుద్దుతోంది. పొద్దున్నే వీడు నొప్పి బిళ్ళ ఒకటి మింగి గ్రౌండుకి పోతున్నాడు. ఇద్దరూ ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చేస్తున్నారు.

ఆ బొడిపెకి నూరేళ్ళ కిందటే పేరు పెట్టారు. 1903లో బోస్టన్‌లో రాబర్ట్ ఆస్గుడ్, జ్యూరిక్‌లో కార్ల్ ష్లాటర్ ఎవరికి వారుగా దీని గురించి రాశారు. అందుకే డాక్టర్లు ఆస్గుడ్ ష్లాటర్ అంటారు. పేరు చూసి కంగారు పడక్కర్లేదు. తొడ ముందున్న పెద్ద కండరం మోకాలి చిప్ప మీదుగా దిగి, టెండన్ అనే గట్టి తాడుతో కింది ఎముకకు అతుక్కుని ఉంటుంది. పెద్దవాళ్ళలో ఆ అతుకు ఎముకే. ఎదిగే పిల్లల్లో మాత్రం అక్కడ ఇంకా మెత్తటి మృదులాస్థి ఉంటుంది. గెంతినా, గొంతుక్కూర్చుని లేచినా, హఠాత్తుగా ఆగినా ఆ తాడు మెత్తటి చోటుని లాగుతుంది. వారంలో వందలసార్లు లాగితే అది వాచి, ఎముక కాస్త ముందుకు పొడుచుకొస్తుంది.

ఇది ఈ వయసులోనే ఎందుకు వస్తుందనేది అసలు సంగతి. పిల్లలు ఏటా ఒకే తీరున ఎదగరు. ఆడపిల్లలకి సుమారు 11, 12 ఏళ్ళప్పుడు, మగపిల్లలకి 13, 14 ఏళ్ళప్పుడు ఒక్కసారిగా పొడుగు తన్నుకొస్తుంది. ఆ ఒక్క ఏడాదిలోనే 8 నుంచి 10 సెంటీమీటర్లు పెరగొచ్చు. ముందు ఎముక సాగుతుంది, కండరం వెనక నుంచి అందుకోవాలి. అలా అందుకునేలోపు తొడ కండరం కొత్తగా బిగించిన నులక మంచం తాడులా ఉంటుంది. పొడుగు పెరిగినంత వేగంగా ఎముకలోకి కాల్షియం చేరదు కూడా. చెయ్యి ఆనించి పడితే మణికట్టు విరగడం ఈ వయసులో ఎక్కువ కావడానికి అదొక కారణం. అయితే ఈ దశకి మరో ముఖం ఉంది. పెద్దయ్యాక మన ఒంట్లో ఉండే ఎముక ఖనిజంలో దాదాపు పావు వంతు ఈ ఎదుగుదల చుట్టూ ఉండే రెండేళ్ళలోనే చేరుతుంది. ఎముక కట్టుకునే పని ముమ్మరంగా జరిగేదీ అప్పుడే, దెబ్బ తినే అవకాశం ఎక్కువా అప్పుడే.

అందుకని అక్కకి చెప్పిన మొదటి పని, గుమ్మానికి పెన్సిల్ గీత. నెలకోసారి వాణ్ణి తలుపు చెక్కకి ఆనించి గీత గీసి తేదీ వెయ్యి. గీతల మధ్య దూరం పెరుగుతోందంటే గెంతుళ్ళూ పరుగులూ తగ్గించి, తొడ కండరం సాగదీసే వ్యాయామం పెంచే కాలం వచ్చిందన్నమాట. ఆముదం రాసుకుంటే నష్టం లేదు, బొడిపె మీద బలంగా రుద్దడం మాత్రం ఆపాలి. ఐసు ముక్కలు గుడ్డలో కట్టి పది నిమిషాలు పెడితే చాలు. మంచం ఎక్కించాల్సిన పనీ లేదు, నొప్పి రానంత మేరకు ఆడొచ్చు. చాలామందికి ఎదుగుదల ఆగాక ఈ నొప్పి దానంతటదే పోతుంది. రాత్రి నిద్రలో లేపే నొప్పి, కీలులో నీరు, జ్వరం, కుంటుతూ నడవడం, వీటిలో ఏదున్నా అది వేరే కథ. డాక్టరుకి చూపించాలి.

ఇక గంటల లెక్క. పిల్లల క్రీడావైద్యులు వాడే మోటు లెక్క ఒకటుంది: పిల్లాడి వయసెంతో, వారానికి అన్ని గంటలకు మించి శిక్షణ ఉండకూడదు. మా వాడికి పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర, వారానికి ఆరు రోజులు. అంటే 18 గంటలు. ఆదివారం ఎక్కడో ఒకచోట మ్యాచ్. 14 ఏళ్ళవాడికి ఇది నాలుగు గంటలు అదనం, మ్యాచ్ కలపకుండానే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం వారానికి కనీసం ఒక రోజు పూర్తి సెలవు, ఏడాదిలో రెండు మూడు నెలలు ఆ ఆట నుంచి విరామం ఉండాలంటుంది. మొత్తానికి ఆడటం మానమని కాదు, వేరే ఆట ఆడుకోమని. మా బావకి ఇది చెబితే నవ్వాడు: "అమలాపురం సాత్విక్ ఇలా సెలవులు పెట్టుకుంటే గంటకి 565 కిలోమీటర్ల స్మాష్ కొట్టేవాడా అండి?" 2023లో గిన్నిస్ వాళ్ళు నమోదు చేసిన ఆ బ్యాడ్మింటన్ స్మాష్ మా గోదావరి వాళ్ళ నోట్లో నానుతూనే ఉంటుంది. కాకపోతే అప్పటికి సాత్విక్ సాయిరాజ్‌కి 22 ఏళ్ళు. ఎముకల చివర్లు ఎప్పుడో గట్టిపడిపోయిన మనిషి. పెద్దవాడి టైంటేబుల్ తెచ్చి 14 ఏళ్ళవాడి గోడకి అంటించకూడదు. విరామం మన కాలువలకి కూడా ఉంది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలని వేసవిలో కట్టేసి పూడిక తీస్తారు కదా. ఆ నెలల్లోనే పిల్లల్ని మాత్రం సమ్మర్ క్యాంపులకి తోలతాం.

విశ్రాంతి అంటే పని మానడం అనుకుంటాం, ఒంట్లో జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. ఆడేటప్పుడు కండరంలో సన్నసన్నని చీలికలు పడతాయి, నిల్వ చేసుకున్న చక్కెర ఖర్చవుతుంది. ఆ నిల్వ పూర్తిగా నిండటానికి మంచి తిండి తిన్నా దాదాపు ఒక రోజు పడుతుంది. చీలికలు అతుక్కుని, మునుపటికన్నా ఒక పిసరు గట్టిగా తయారవడం ఆట ముగిశాకే మొదలవుతుంది. ఎముక సంగతి ఇంకా వింతగా ఉంటుంది. ఎముక లోపలి కణాలు గెంతినప్పుడు పడే ఒత్తిడిని పసిగట్టి, ఇక్కడ గట్టిపరచండి అని కబురు పంపుతాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, కొన్ని పదుల సార్లు ఒత్తిడి పడ్డాక ఆ కణాలు పట్టించుకోవడం మానేస్తాయి. ఒక రకంగా ఎముకకి చెవుడొస్తుంది. మళ్ళీ మునుపటిలా స్పందించడానికి సుమారు 8 గంటలు పట్టింది. ఎలుకల లెక్క మనుషులకి అచ్చంగా సరిపోతుందని నేను అనను. ఒకటే పూట వందలసార్లు గెంతించే కోచ్‌లు మాత్రం దీని గురించి ఒకసారి ఆలోచించాలి.

నిద్ర దగ్గరికొస్తే మా వాడి లెక్క ఇంకా దారుణం. ట్యూషన్ అయ్యేసరికి ఎనిమిదిన్నర, హోంవర్కు, ఫోను కలిపి పదకొండు. లేవడం నాలుగుంపావుకి. అయిదుంపావు గంటలు! ఈ వయసుకి కావలసింది 8 నుంచి 10 గంటలు. 2014లో అచ్చయిన లాస్ ఏంజెలెస్ పరిశోధన ఒకటి 112 మంది బడి క్రీడాకారుల్ని పరిశీలించింది. 8 గంటల లోపు నిద్రపోయేవాళ్ళకి గాయాలయ్యే అవకాశం 1.7 రెట్లు ఎక్కువని తేలింది. పైగా టీనేజీలో ఒంటి గడియారమే వెనక్కి జరుగుతుంది, నిద్ర పిలిచే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. వీడు తొందరగా పడుకోడు అని తిడతాం గానీ, తప్పంతా వాడిది కాదు. పొద్దున ప్రాక్టీసు వారానికి మూడు రోజులకి తగ్గించమని మాస్టారిని అడిగాను. "ఆయ్, చూద్దామండి" అన్నారు. గోదావరి జిల్లాల్లో ఆ మాటకి ఎన్ని అర్థాలున్నాయో అందరికీ తెలుసు.

తిండి. అక్క వాళ్ళింట్లో దేనికీ లోటు లేదు, పళ్ళెంలో కొలతలే తేడా. కొండంత అన్నం, గరిటెడు పప్పు. పొద్దున ప్రాక్టీసుకి ముందు టీ నీళ్ళు, అంతే. ఆటకి గంట ముందు ఒక అరటిపండు, రెండు ఇడ్లీ తింటే కండరాలకి కావలసిన చక్కెర దొరుకుతుంది. రావులపాలెం గెలలు ఊరంతా తిరుగుతున్నచోట ఎనర్జీ బార్లు కొనడం ఏమిటో నాకు అర్థం కాదు. ప్రొటీన్ పొడి డబ్బా కోసం వీడు గొడవ పెడుతున్నాడని బావ చెప్పాడు. కూర్చుని కూడాం. 46 కిలోల ఆటగాడికి రోజుకి 55 నుంచి 75 గ్రాముల ప్రొటీన్ చాలు. రెండు గుడ్లలో 12. రెండు కప్పుల పప్పులో 14. వంద గ్రాముల శీలావతి చేప ముక్కలో 18 దాకా. పాలు, పెరుగు కలిపి రెండు గ్లాసులైతే మరో 12. రోజుకి 300 గ్రాముల బియ్యం వండితే అన్నంలోనే 20 ఉంటుంది, ఇది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. డబ్బా మాట అంతటితో పోయింది. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగిజావ ఉన్నాయి. ఆ పథకానికి పేరిచ్చిన డొక్కా సీతమ్మగారు మన లంకల గన్నవరం ఆవిడే. రాగిజావ బాగోలేదని వీడు పారబోస్తున్నాడు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, అదే వంద మిల్లీలీటర్ల పాలల్లో 120. నెత్తళ్ళు ముల్లుతో సహా నమిలి తినే ఇంట్లో కాల్షియం మాత్రల గొడవే ఉండదు.

వీడి చెల్లెలు వాలీబాల్ ఆడుతుంది. దాని లెక్క వేరు, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌కి ఇనుము కావాలి. అది తక్కువైతే రెండో సెట్‌కే ఆయాసం వస్తుంది, కోచ్ బద్ధకం అంటాడు. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర కడుపులో తిప్పుతోందని ఇది కిటికీలోంచి విసిరేస్తోందట. పరగడుపున కాకుండా అన్నం తిన్నాక వేసుకోమన్నాను. తోటకూర మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది, భోజనం కాగానే తాగే టీ దాన్ని అడ్డుకుంటుంది. ఇంకో మాట, తల్లులకి. ఆటలో పడి సరిగా తినని ఆడపిల్లకి నెలసరి ఆగిపోతే "పోనీలే, పోటీలప్పుడు ఇబ్బంది తప్పింది" అనుకోకండి. శక్తి చాలక శరీరం ఒక్కో పనీ ఆపేస్తోందని దాని అర్థం. దానితోపాటు ఎముకలూ పలచబడతాయి. మూడు నెలలు రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

కబడ్డీలో ఇన్ని కిలోల లోపు అని పోటీలుంటాయి. మా బావకి ఎండు కొబ్బరి వ్యాపారం. కొట్లో ఉన్న కాటా మీద ఊరి కుర్రాళ్ళంతా పోటీల ముందు బరువు చూసుకుంటారు. బరువెక్కువైతే రెండు రోజులు అన్నం మానేసి, నీళ్ళు మానేసి, స్వెటర్ వేసుకుని మిట్టమధ్యాహ్నం గట్టు మీద పరుగెడతారు. ఆ తగ్గేది కొవ్వు కాదు, రక్తంలో నీళ్ళు. చిక్కబడిన రక్తంతో గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, చెమట తగ్గిపోతుంది, ఒంటి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. దీన్ని ట్రిక్కు అని నేర్పే పెద్దవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మన నేల మీద ఆ దారి అసలే ఇరుకు. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని పట్టుకుపోతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. కారిన చెమటతో నీళ్ళు పోతాయి, వేడి పోదు. మనం ఉక్కపోత అనేది సరిగ్గా దీన్నే. అనంతపురంలో ఎండ ఎక్కువే, అయినా చొక్కా ఆరుతుంది. సముద్రం పక్కన, చేపల చెరువుల మధ్య ఉన్న నర్సాపురంలో ఆరదు. వేడికి శరీరం అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు కావాలి. అందుకే సమ్మర్ క్యాంప్ మొదటి వారం సగం పనితో సరిపెట్టాలి. ఆడుతూ ఆడుతూ పిల్లాడు తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేస్తూనే, బండి వచ్చేదాకా ఆగకుండా బోరు కింద తొట్టిలో మెడదాకా కూర్చోబెట్టి, తల పట్టుకునే ఉండాలి. తొట్టి లేకపోతే ఒళ్ళంతా తడిపి విసరాలి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

ఏప్రిల్లో మళ్ళీ వెళ్ళాను. గుమ్మం మీద నాలుగు గీతలు ఉన్నాయి. సాయంత్రం ప్రాక్టీసుకి ముందు వాణ్ణి కొట్టుకి తీసుకెళ్ళి కాటా ఎక్కించాను: 46.8. ఆట మధ్యలో అర లీటరు సీసా ఖాళీ చేశాడు. తిరిగొచ్చాక తడి బట్టలు విప్పించి చూస్తే 45.7. తగ్గింది 1.1, తాగింది అర లీటరు, అంటే పోయిన చెమట 1.6 లీటర్లు. బరువులో రెండు శాతం దాటి తగ్గితే ఆటలో చురుకు పోతుంది, వాడప్పటికే ఆ గీత దాటాడు. కొబ్బరిబొండం కొట్టించనా అన్నాడు బావ. కొట్టించు, కానీ బొండంలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా ఉప్పు. ఉప్పేసిన మజ్జిగే నయం అన్నాను.

మర్నాడు సాయంత్రానికి కొట్టు ముందు తొమ్మిది మంది కుర్రాళ్ళు చొక్కాలు విప్పి లైను కట్టారు. ఎవడికి ఎంత చెమట పోయిందో బొగ్గు ముక్కతో గోడ మీద రాసుకుంటున్నారు. అందరికన్నా ఎక్కువ పోయినవాడు తనే గెలిచినట్టు అరుస్తున్నాడు. "కొబ్బరి తూకం ఆగిపోయిందిరా బాబూ" అని బావ విసుక్కుంటూనే, మజ్జిగ కుండ ఇంకోటి పంపమని ఇంట్లోకి కేకేశాడు.