తలారి పిలుపు నుంచి వాట్సాప్ కాల్ దాకా

2023 ఆగస్టులో ఒక పొద్దున గుంతకల్లు నుంచి మా మేనమామ ఫోన్ చేశాడు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. "అబ్బీ, ఇన్‌కమ్‌టాక్సోళ్లు పదహైదు వేలు ఎనక్కిస్తారంట. అకౌంటు నంబరే తప్పు పడింది. లింకు నొక్కి సరిచేయల్నా?" అన్నాడు.

ఆ మెసేజ్ నాకు పంపమన్నాను. రూ.15,490 రిఫండ్ మంజూరైందట, ఫలానా ఖాతాలో జమ చేస్తారట. ఖాతా నంబరులో మొదటి అంకె, చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావన్నీ ఎక్స్‌లు. ఇది మీది కాకపోతే కింది లింకులో సరిచేసుకోండి అని ఉంది. కిటుకంతా ఆ నంబరులోనే ఉంది. అది మామది కాదు. కాకూడదనే అలా పెట్టారు. తన డబ్బు పరాయివాడి ఖాతాలో పడిపోతుందన్న ఆత్రంలో ఎవరైనా లింకు నొక్కుతారు. ఆ నెలలో ఇదే మెసేజ్ చాలామందికి వచ్చింది, అది నకిలీదని కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) ఫ్యాక్ట్ చెక్ విభాగం ప్రకటించింది కూడా.

మామ ఆశపడ్డాడని నవ్వడానికి లేదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం తల వంచుకుని తిరిగే సీమ మనది. నాకు గుచ్చుకున్నది ఆయన రెండో మాట: "సరిచేయకపోతే కేసేమన్నా పెడతారేమో?" పన్ను అనగానే వెనకాలే కేసు అన్న భయం ఎక్కడినుంచి వచ్చింది?

అది పాత భయమే. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు కిందే ఉంది. ఇలా కంపెనీకి దక్కిన దత్త మండలాలకు 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టర్. పొలాలు కొలిపించి, ఒక్కో రైతు పేరునా శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని ఇక్కడ గట్టిగా అమలుచేసింది ఆయనే. అప్పటినుంచి సర్కారు లెక్కలో ప్రతి రైతుకూ సొంత బాకీ ఉంది. అయితే ఆ బాకీ అడిగేవాడికి ఒక మొహం ఉండేది. కరణం లెక్క రాసేవాడు, మునసబు వసూలు చేసేవాడు, తలారి ఇంటిముందు నిలబడి "రెడ్డిగారు రమ్మన్నారు" అని పిలిచేవాడు. మంచోడో చెడ్డోడో, ఎవరి కొడుకో ఊరందరికీ తెలుసు. దొంగలెక్క రాయాలన్నా కరణమే రాయాలి తప్ప బయటివాడికి ఆ వీలు లేదు! 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది.

ఆదాయపు పన్ను సంగతి వేరు. సేద్యం ఆదాయం మీద ఆ పన్ను లేదు కాబట్టి పల్లెలకు అది చాలాకాలం పట్నపోళ్ల గొడవే. జీతాలవాళ్లకు, వ్యాపారులకు తప్ప దాని ఊసు తెలియదు. నా లెక్కలో అసలు మలుపు నోట్ల రద్దు. 2016 నవంబరు 8 తర్వాత బ్యాంకుల్లో పడిన డబ్బు మీద ఆరా తీయడానికి ఆదాయపు పన్ను శాఖ 2017 జనవరి 31న 'ఆపరేషన్ క్లీన్ మనీ' మొదలుపెట్టింది. తొలి విడతలోనే సుమారు 18 లక్షల మందిని ఎస్సెమ్మెస్, ఈమెయిల్ ద్వారా వివరాలు అడిగింది. ఇన్‌కమ్‌టాక్స్ వాళ్లు సెల్‌ఫోన్‌కు మెసేజ్ పెడతారని మామూలు జనానికి అర్థమైంది అప్పుడే. అది నిజమైన మెసేజే. కానీ నకిలీ మెసేజ్ నమ్మడానికి కూడా అదే దారి వేసింది.

ఆ తర్వాత శాఖ తన మొహాన్ని తనే తీసేసుకుంది. 2019లో ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ వచ్చింది, 2020లో విస్తరించింది. మీ ఫైలు చూసే అధికారి ఎవరో, ఏ ఊళ్లో కూర్చున్నాడో మీకు తెలియదు. వేధింపులు, చేతివాటం తగ్గాలని తెచ్చిన మార్పు అది. నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఖాళీగా ఉన్న కుర్చీలో ఎవడైనా కూర్చోవచ్చు. "బెంగళూరు సీపీసీ (రిటర్నులు ప్రాసెస్ చేసే కేంద్రం) నుంచి మాట్లాడుతున్నాం" అంటే అనంతపురంవాళ్లకు అనుమానమెందుకు వస్తుంది? రిటర్నులు నిజంగానే అక్కడ ప్రాసెస్ అవుతాయి, పిల్లలు కూడా అక్కడే ఉద్యోగాలు చేస్తుంటారు.

కుర్చీలో కూర్చునే విద్యను మనదేశపు ముఠాలు ముందు అమెరికా మీద నేర్చుకున్నాయి. 2013 నుంచి అక్కడివాళ్లకు పన్ను శాఖ ఐఆర్ఎస్ పేరుతో ఫోన్లు వెళ్లేవి: పన్ను బాకీ ఉంది, ఇప్పుడే కట్టకపోతే పోలీసులు వస్తారు, గిఫ్ట్ కార్డులు కొని వాటి మీది నంబర్లు చదవండి. కొత్తగా వలస వెళ్లినవాళ్లంటే వాళ్లకు మరీ అలుసు. 2016 అక్టోబరులో ఠాణే పోలీసులు మీరారోడ్డు కాల్‌సెంటర్ల మీద దాడిచేసి వందల మందిని పట్టుకున్నారు. అదే నెలలో అమెరికా న్యాయశాఖ 56 మంది మీద, 5 అహ్మదాబాద్ కాల్‌సెంటర్ల మీద అభియోగాలు మోపింది. 2018లో అమెరికాలో 21 మందికి శిక్షలు పడ్డాయి, కొందరికి 20 ఏళ్ల దాకా.

ఆ కాల్‌సెంటర్ల మొదటి సూత్రం, మనిషిని ఫోన్ పెట్టనివ్వకపోవడం. పెట్టేస్తే పక్కింటివాళ్లను అడుగుతాడు, ఆలోచిస్తాడు. నిన్ను అరెస్టు చేశాం, వీడియో కాల్ ముందునుంచి కదలొద్దు అని బెదిరించే ఇప్పటి డిజిటల్ అరెస్టు కూడా అదే సూత్రం, కాకపోతే వీడియోలో పోలీసు డ్రెస్సు తోడైంది. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని 2024 అక్టోబరు 27న ప్రధాని స్వయంగా మన్ కీ బాత్‌లో చెప్పాల్సి వచ్చింది. ఈ మధ్య జీఎస్టీ సమన్లంటూ సంతకాలు, ముద్రలతో పీడీఎఫ్‌లు కూడా పంపుతున్నారు. ప్రొద్దుటూరు బంగారు అంగడి యజమానికో, ఆదోని పత్తి వ్యాపారికో రిఫండ్ ఆశ కన్నా ఆ టెన్షన్ తొందరగా పనిచేస్తుంది.

మరి అసలుదాన్ని ఎలా పోల్చుకోవాలి? శాఖ ఇప్పుడు అధికారికంగా మాట్లాడేది రాతపూర్వకంగా. 2019 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను నోటీసు మీద డిన్ అనే నంబరు ఉండాలి. ఆ నంబరును కూడా కల్పించి వేస్తున్నారు కాబట్టి చూడగానే నమ్మకూడదు. incometax.gov.in అని మనమే టైప్ చేసి వెళితే, లాగిన్ కాకుండానే నోటీసు అసలుదో కాదో అక్కడ తేలుతుంది. కేంద్ర జీఎస్టీ అధికారులు డిన్ వేసి పంపే నోటీసులకు కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు (సీబీఐసీ) సైటులో ఇలాంటి సదుపాయమే ఉంది. ఫోన్ వస్తే దొంగే అని కూడా అనలేను. పాత బాకీల గురించి శాఖవాళ్లు ఫోన్ చేయడం ఉంది. కానీ వాళ్లు పిన్, ఓటీపీ, కార్డు వివరాలు అడగరు. పన్ను కట్టేది పోర్టల్‌లో చలానా మీదే, ఎవరో ఒక మనిషి ఫోన్‌పే నంబరుకు కాదు.

ఓటీపీ చెప్పకపోతే చాలు అనుకునేవాళ్లకు ఒక మాట. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) పంపి ఇన్‌స్టాల్ చేయిస్తున్నారు. అది ఫోన్లోకి చేరి అనుమతులు తీసుకుందంటే మెసేజ్‌లు అదే చదువుకుంటుంది. మీరు నోరు విప్పకపోయినా ఓటీపీ వాళ్లకు చేరుతుంది.

డబ్బు పోయిందా, వెంటనే 1930. 2021లో 155260గా మొదలైన హెల్ప్‌లైనే ఇది. పోయిన డబ్బు ఒక ఖాతాలో నిలవదు. కమిషన్‌కు ఆశపడి అకౌంటు అద్దెకిచ్చినవాళ్ల ఖాతాల్లోంచి గంటల్లో చేతులు మారుతుంది. ఫిర్యాదు ఆ బ్యాంకులకు ఎంత తొందరగా చేరితే అంత మొత్తం ఆగుతుంది. లావాదేవీ నంబరు, టైము, బ్యాంకు పేరు దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. ఇంట్లో తిడతారని రాత్రిదాకా దాచుకుంటేనే డబ్బు చేయి జారేది. డబ్బు పోకుండా ఉత్త కాలే వచ్చుంటే కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో రాయొచ్చు.

మామ ఆ లింకు నొక్కలేదు. పోర్టల్‌లో ముందే సరిచూసిన ఖాతాకు రిఫండ్ తనంతట తనే వస్తుందని చెబితే సగమే నమ్మి, గుంతకల్లులో ఆడిటర్ దగ్గరికి పోయి ఇంకోసారి అడిగి వచ్చాడు. సెప్టెంబరులో డబ్బు పడింది. 1,120 రూపాయలు. దాని కోసం ఎవరూ ఫోన్ చేయలేదు.