ఆసుపత్రి వార్డులో కుక్కకేం పని? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పక్షవాతం రోగులకు ఫిజియోథెరపీ చేస్తుంటాను. శిక్షణ పొందిన కుక్కను తెస్తామనగానే బంధువులు అనే మాటలు ఇవి.

అపోహ: కుక్కను నిమిరితే మనసు తేలికపడుతుంది, అంతే.

వాస్తవం: పలకరించి వెళ్లడం వేరు, చికిత్స వేరు. చికిత్సలో ఏ కదలిక, ఎంత సాయంతో చేయించాలో ముందే రాసుకుంటాం. ఎంతవరకు చేశారో కేస్ షీటులో ఎక్కిస్తాం. ఎడమ చేయి పడిపోయిన ఒక పెద్దాయన, ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు, ప్లాస్టిక్ కోన్లు పేర్చమంటే నాలుగోదానికే "రేపు చూద్దామమ్మా" అనేవారు. ఒకరోజు లాబ్రడార్‌ను బల్ల మీద పడుకోబెట్టి, బ్రష్‌ను ఆయన ఎడమ అరచేతికి పట్టీతో కట్టాం. మెడ నుంచి తోక దాకా దువ్వాలంటే భుజం ముందుకు రావాలి, మోచేయి సాగాలి, నడుము తిరగాలి. కోన్లతో నేను అడిగిందీ అదే. "ఈ పక్క మిగిలిపోయింది" అంటూ ఆయనే చేయి చాచారు. లెక్క ఇరవై దాటింది. ఆ పూటకే వేళ్లలో బలం రాలేదు, అలా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వందలసార్లు చేయాల్సిన కదలికకు విసుగు పుట్టకుండా చూడటమే కుక్క చేసే సాయం.

అపోహ: కుక్క వస్తే ఇన్ఫెక్షన్లు ఖాయం.

వాస్తవం: ఈ భయం ఉత్తది కాదు. ఒకరి చేతి క్రిములు బొచ్చు మీదుగా మరొకరికి చేరగలవు. అందుకే ముట్టుకునే ముందూ తర్వాతా అందరూ చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే. మానని పుండ్లు, అలర్జీ ఉన్నవారి దగ్గరికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారి దగ్గరికి తీసుకెళ్లం. అమెరికాలో ఆసుపత్రి ఇన్ఫెక్షన్లపై పనిచేసే షియా (SHEA) అనే వైద్య నిపుణుల సంస్థ 2015లో ఇచ్చిన సూచనల ప్రకారం కుక్కకు కనీసం ఏడాది నిండాలి, పచ్చి మాంసం పెట్టకూడదు, ఒక విడత గంట మించకూడదు. మేమైతే రేబీస్ టీకా కార్డు చూడనిదే గడప దాటనివ్వం.

అపోహ: మా ఇంటి కుక్క చాలా మెత్తనిది, దాన్నే తెస్తాం.

వాస్తవం: వెనక స్టీలు గిన్నె పడినప్పుడు ఏం చేస్తుందో చూడాలి. జాతితో పనిలేదు, నిబ్బరం ముఖ్యం.

అపోహ: వద్దనే రోగికి నచ్చజెప్పాలి.

వాస్తవం: వీధికుక్కలు తరిమినవారు ఈ ఊళ్లో తక్కువా? మతాచారం వల్ల వద్దనేవారూ ఉంటారు. వద్దంటే కోన్లే.

కుక్కకూ ఇష్టాయిష్టాలుంటాయి. మాటిమాటికీ ఆవులించడం, పెదవులు నాక్కోవడం, ముఖం తిప్పుకోవడం ఇబ్బందికి గుర్తులు. ఆ రోజు లాబ్రడార్ రెండోసారి ఆవులించగానే బ్రష్ పట్టీ విప్పాను. పెద్దాయన దాని వైపు చూసి, "డ్యూటీ దిగేసిందన్నమాట" అన్నారు.