ఆన్‌లైన్ కౌన్సెలింగ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎదురుగా కూర్చుంటేనే ఫలితం.
ఆందోళన, ఓ మోస్తరు డిప్రెషన్ ఉన్నవారికి వీడియోలో చేసే థెరపీ కూడా దాదాపు అంతే బాగా పనిచేస్తుందని చాలా అధ్యయనాల్లో తేలింది. అయితే అందరికీ నప్పదు. లేని గొంతులు వినిపిస్తున్నవారిని, తిండి పూర్తిగా మానేసినవారిని కౌన్సెలర్‌గా నేను వీడియోలో చూడను. నేరుగా సైకియాట్రిస్టును కలవమంటాను.

అపోహ: యాప్‌లో ఉన్నారంటే లైసెన్సు ఉన్నట్టే.
ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. అలా నమోదైనవారికి సీఆర్ఆర్ నంబరు (కౌన్సిల్ రిజిస్టరులోని నంబరు) ఉంటుంది, అడిగి తీసుకోండి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి మాత్రం ఇన్నాళ్లూ అలాంటి అడ్డేమీ లేదు. రెండు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసినవారూ పెట్టుకుంటున్నారు, ఎమ్మెస్సీ సైకాలజీ చదివి సీనియర్ల దగ్గర ఏళ్లపాటు నేర్చుకున్నవారూ పెట్టుకుంటున్నారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం సైకాలజిస్టులనూ తన పరిధిలోకి తెచ్చింది కానీ, ఆచరణలో అది ఇంకా కుదురుకోవాలి. అందాకా ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు అని మొహమాటపడకుండా అడగండి. అడిగితే చిరాకుపడేవారికి ఫీజు కట్టొద్దు.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాలు. సెషన్ జరిగేటప్పుడు క్లయింటు ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదే ముఖ్యం. మీరు టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి మారితే, అక్కడ కూడా అనుమతి ఉంటే తప్ప పాత కౌన్సెలర్ మామూలుగా మిమ్మల్ని కొనసాగించలేరు. “మావాడు డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు మేడమ్, తెలుగులో అయితే నోరు విప్పుతాడు, మీరే చూడండి” అని తల్లులు ఫోన్ చేస్తుంటారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. అయినా నేను ముందు యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కే వెళ్లమంటాను. చాలాచోట్ల దాని ఖర్చు విద్యార్థుల ఫీజులోనే కలిసి ఉంటుంది. పైగా, అర్ధరాత్రి ప్రమాదం వస్తే ఆ అబ్బాయి గదికి ఎవరిని పంపాలో వాళ్లకు తెలుసు, హైదరాబాద్‌లో కూర్చున్న నాకు తెలియదు.

అపోహ: మాట్లాడేదంతా రికార్డవుతుంది.
మీ అనుమతి లేకుండా రికార్డు చేయకూడదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను మీ హక్కుగా గుర్తించింది. మీకో, ఇంకొకరికో హాని జరిగేలా ఉంటే మినహాయింపు ఉంటుంది. ఆ సంగతి మీ కౌన్సెలర్ మొదటి సెషన్‌లోనే చెప్పాలి.

యాప్ కంపెనీ సంగతి విడిగా చూసుకోవాలి. వినియోగదారుల వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలకు ఇచ్చిందన్న ఆరోపణపై 2023లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కంపెనీతో 78 లక్షల డాలర్లు కట్టించింది. సైన్ అప్ చేసేటప్పుడు నింపే ప్రశ్నావళి కూడా సమాచారమేనని గుర్తుంచుకోండి.

నిజానికి మన ఇళ్లలో నాకు ఎదురయ్యే ఇబ్బంది హ్యాకర్లు కాదు, హాల్లో టీవీ సౌండ్ తగ్గించి వినే అత్తగారు! అందుకే నా క్లయింట్లలో కొందరు పార్క్ చేసిన కారులోంచి, కొందరు డాబా మీద నుంచి మాట్లాడతారు. గది దొరకనివారిని ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమని, నేనే ప్రశ్నలు వేస్తాను, వాళ్లు ఊ, ఊహూ అంటే చాలు. ముందే ఒక మాట అనుకుంటాం. వాళ్లు “కూరగాయలు తేవాలి” అన్నారంటే ఎవరో వచ్చారన్నమాట, నేను ఆపేస్తాను.

అపోహ: కౌన్సెలర్ మందులు రాస్తారు.
రాయరు. అది సైకియాట్రిస్టు పని.

అపోహ: ఒక్క సెషన్‌లో పరిష్కారం చెప్పేస్తారు.
“ఆయన్ని వదిలేయమంటారా, వద్దంటారా?” అని మొదటి పది నిమిషాల్లోనే అడుగుతారు. ఆ తీర్పు నేను చెప్పను. మొదటి సెషన్ చాలావరకు వినడానికే సరిపోతుంది. ఐదారు సెషన్ల తర్వాత కూడా ఏమీ కదలకపోతే ఆ మాట మొహం మీదే చెప్పండి, కౌన్సెలర్‌ని మార్చుకోండి. మేమేం అనుకోం.

అపోహ: అర్ధరాత్రి అవసరమైనా యాప్‌లో మెసేజ్ పెడితే చాలు.
చాలదు, ఆ వేళ నేను నిద్రపోతుంటాను. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణాపాయమైతే 112కి చేయండి. అమెరికాలో అయితే మాట్లాడటానికి 988, ప్రాణాపాయమైతే 911. ప్రతి సెషన్ మొదట్లో “ఇప్పుడు ఎక్కడున్నారు?” అని అడిగేది, మీ దగ్గరివారి నంబరు ఒకటి రాసిపెట్టుకునేది కూడా ఇందుకే. కొంతమంది దాన్ని ఆరా అనుకుని తప్పు అడ్రస్ ఇస్తారు, అలా ఇస్తే మేం సాయం పంపలేం.