నేలలో నీరు నిలవాలంటే: అపోహలు - వాస్తవాలు

కోతపడిన వాగులను, బీడైన వాలు నేలలను బాగుచేసే పని నాది. ఈ పనిలో పదేపదే వినిపించే మాటల్లో కొన్నింటివల్ల పెద్ద నష్టమేమీ లేదు. కొన్ని మాత్రం ఉన్న నేలను కూడా పాడుచేస్తాయి. అలా చేటు చేసేవాటి గురించే రాస్తున్నాను.

అపోహ: కట్ట ఎంత ఎత్తుంటే నీరు అంత బాగా ఆగుతుంది.

వాస్తవం: కోతపడిన చిన్న వాగుకు అడ్డంగా ఎత్తైన రాతికట్ట కడితే, మొదటి పెద్ద వానకే నీరు దాని మీది నుంచి దూకుతుంది. ఆ దెబ్బకు దిగువన గుంత పడి, కట్ట కింద మట్టి కొట్టుకుపోతుంది. లేదంటే నీరు పక్క గట్టును కోసుకుని కొత్త దారి చేసుకుంటుంది. అందుకే మేము ఒక్క రాయి ఎత్తుకు మించి వేయం. వాగు అడుగున, ఒడ్డు నుంచి ఒడ్డుకు, నాలుగైదు వరుసల రాళ్లను ఒకదానికొకటి ఆనించి బిగువుగా పేరుస్తాం. రాయి మీద రాయి పెట్టం. నీరు వాటి మీదుగానే సాగిపోతుంది, కానీ వేగం తగ్గుతుంది. వేగం తగ్గిన చోట ఒండ్రు దిగుతుంది, ఒండ్రులో చెమ్మ నిలుస్తుంది, ఆ చెమ్మకు గడ్డి మొలుస్తుంది. అక్కడి నుంచి మట్టిని పట్టి ఉంచేది గడ్డివేళ్లే. ఒండ్రు రాళ్ల పైఅంచు దాకా నిండాకే రెండో పొర గురించి ఆలోచిస్తాం. అమెరికా నైరుతి ప్రాంతంలో బిల్ జీడిక్ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. కోత ఎగువకు పాకకుండా వాగు తలభాగంలో గిన్నె ఆకారంలో రాళ్లు పేర్చే పద్ధతికి జూని ఆదివాసుల పేరే స్థిరపడింది.

అపోహ: ఎన్ని చెట్లు నాటితే అంత నీరు.

వాస్తవం: చెట్టు నీరు తాగుతుంది కూడా. సహజంగా పచ్చికబయలుగా ఉన్న చోట యూకలిప్టస్, పైన్ తోటలు పెంచితే వాగుల్లో ప్రవాహం తగ్గుతుంది. దక్షిణాఫ్రికాలో 1995 నుంచి పరివాహక ప్రాంతాల్లోని విదేశీ జాతుల చెట్లను ప్రభుత్వ కార్యక్రమం కిందే తొలగిస్తున్నారు. ముందు అక్కడ ఏముండేదో తెలుసుకోండి, తరువాతే మొక్క పట్టుకోండి.

అపోహ: ఆదివాసుల నీటి జ్ఞానం నమ్మకాల వ్యవహారం, ఇంజనీరింగ్ కాదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. పెరూలో లిమా నగరానికి ఎగువన ఉన్న కొండల్లో ‘ఇంకా’ సామ్రాజ్యపు కాలానికి ముందటి కాలువలున్నాయి. వాటిని అమునాలంటారు. వానకాలపు మిగులు నీటిని అవి రాతి వాలుల్లోకి మళ్లించి ఇంకిస్తాయి. కింద ఊటల్లో ఆ నీరు ఎప్పుడు బయటపడుతుందో శాస్త్రవేత్తలు రంగు కలిపి పరీక్షించారు. 2019లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం నీరు సగటున 45 రోజులు నేలలోనే ఉంటోంది. ఆస్ట్రేలియాలోని బజ్ బిమ్‌లో గుండిచ్‌మారా ప్రజలు లావా రాళ్లతో కాలువలు, ఈల్ చేపలను పట్టే మాటులు కట్టారు. వాటి వయసు 6,600 ఏళ్లని అంచనా.

అపోహ: సంప్రదాయ పద్ధతి అంటే తాతలు చేసినట్టే చేయడం.

వాస్తవం: బుర్కినా ఫాసో రైతు యాకుబా సవాడోగో 1980ల్లో పాతకాలపు జాయ్ గుంతలను (వాన నీటిని పట్టి, విత్తనం వేసే చిన్న గుంతలు) మరింత పెద్దవిగా తవ్వారు, వాటిలో పశువుల ఎరువు వేశారు. ఎరువు కోసం చెదపురుగులు వచ్చి, గట్టిపడిన నేలలో సొరంగాలు చేశాయి. తొలి వాన నీరు వాటి గుండా లోపలికి దిగింది. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం దక్కింది.

అపోహ: ఆ జ్ఞానాన్ని రాసుకుని ఇంజనీర్లకు అందిస్తే చాలు.

వాస్తవం: తూము ఎప్పుడు తెరవాలో తెలిసిన వారి చేతిలో తూము లేకపోతే ఆ రాత ఎందుకు పనికొస్తుంది? గుండిచ్‌మారా ప్రజలకు 2007లో భూమి మీద హక్కు దక్కింది. వలసకాలం నుంచి కాలువలు తవ్వి ఎండగట్టిన అక్కడి ‘కొండా’ (Condah) అనే సరస్సుకు 2010లో చిన్న ఆనకట్టతో మళ్లీ నీరు చేరింది. అమెరికాలో క్లామత్ నది మీది నాలుగు ఆనకట్టల తొలగింపు 2024లో పూర్తయింది. యురోక్, కరుక్ తదితర తెగలు దాని కోసం దశాబ్దాలు పోరాడాయి. ఆ శరదృతువులోనే, 1912 తరువాత మొదటిసారిగా, సాల్మన్ చేపలు ఈ నది మీదుగా ఎగువనున్న ఒరెగాన్ రాష్ట్రం చేరాయి. జలాశయాలు ఖాళీ అయ్యాక బయటపడిన నేల మీద స్థానిక మొక్కల విత్తనాలు చల్లిన వారిలో యురోక్ బృందాలూ ఉన్నాయి.